మా అమ్మకు దొరికిన డైలాగు

నేను కథలు అల్లుతానని మా వార్డులో అందరికీ తెలుసు. సూది గుచ్చే ముందు పేషెంటుకి ఏదో ఒకటి మొదలుపెడతాను. చిన్నప్పుడు ఫిల్మ్‌నగర్‌లో మా ప్రహరీ గోడ దూకి ఒక తెల్ల గుర్రం వచ్చిందనీ, అది షూటింగు నుంచి పారిపోయి వచ్చిన గుర్రమనీ, మా అమ్మ దాని ముందు పొద్దుటి ఉప్మా పెడితే మూడు రోజులు మా వాకిలి వదల్లేదనీ చెప్తాను. ఆ తర్వాత గుర్రం ఏమైందని పేషెంటు అడిగేసరికి మందు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. ఆ గుర్రం అబద్ధం. మాకు ప్రహరీ గోడ ఉందన్నదీ అబద్ధమే. ఉప్మా మాత్రం నిజం.

ఇప్పుడు చెప్పేదాంట్లో గుర్రాలు లేవు. దీన్ని కూడా ఇన్నేళ్లలో చాలా రకాలుగా చెప్పాను. ఒకరి దగ్గర నవ్వు వచ్చేలా, ఇంకొకరి దగ్గర నా తెలివి కనిపించేలా. జరిగింది జరిగినట్టు చెప్పడం ఇదే మొదలు.

మా అమ్మ జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీన్లో పేరంటాలు, బజారు సీన్లో కూరలు బేరమాడే మనిషి, కోర్టు సీన్లో వెనక బెంచీ, అన్నీ వేసింది. ఎక్కువగా వేసింది మాత్రం నర్సు వేషం. మనిషి పొడుగు, నడక నిటారు. ముఖంలో ఏమీ కనిపించకుండా ఎంతసేపైనా ఉండగలదు. మంచం మీద హీరో తల్లి కొన ఊపిరితో కొడుకు దగ్గర ఒట్టు వేయించుకుంటుంటే, వెనక ట్రే పట్టుకుని ఎడమ నుంచి కుడికి నడిచిపోయే మనిషి ఒకరు కావాలి కదా. ఆ పనికి, షూటింగులకు మనుషుల్ని పంపే ఏజెంటు మా అమ్మనే పిలిచేవాడు. దాన్ని వాళ్ల భాషలో పాసింగ్ అంటారు. ఇరవై ఏళ్లు మా అమ్మ పాసింగులు ఇచ్చింది. డైలాగు మాత్రం ఒక్కటీ లేదు. ‘డాక్టర్’ అని కంగారుగా అరిచే ఆ ఒక్క మాట కూడా ఎప్పుడూ ఇంకొకరికే పోయేది.

మా నాన్న నాకు ఊహ తెలియక ముందే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఎటు వెళ్లాడో తెలియదు. బళ్లో ఎవరైనా అడిగితే దుబాయ్‌లో ఉన్నాడనేదాన్ని. మరి చాక్లెట్లు రావేం అంటే, ఓడలో ఎండకు కరిగిపోయాయనేదాన్ని. ఈ అబద్ధాలు ఇంటికి చేరినా అమ్మ కొట్టేది కాదు. “జర కంటిన్యుటీ చూసుకో బిడ్డా. మొన్న దుబాయ్ అని, గియ్యాల మస్కట్ అంటే దొరికిపోతవ్” అనేది. ముందు షాట్‌లో ఎడమ చేతిలో ఉన్న ట్రే తర్వాతి షాట్‌లోనూ ఎడమ చేతిలోనే ఉండాలి. ఆమెకు సినిమా నేర్పిన నీతి అదే.

మేముండేది షేక్‌పేట వైపు, గుట్ట దిగువన, రెండు గదుల ఇంట్లో. నేను ఇంటర్ బైపీసీ పాసయిన ఏడాదికి అటు మాదాపూర్‌లో బండరాళ్లు పేల్చి అద్దాల బిల్డింగులు లేపుతున్నారు. మా బస్తీలో టైలరు కొడుకు దగ్గర్నుంచి మేకప్‌మన్ కూతురి దాకా అందరూ అమీర్‌పేట బస్సెక్కి కంప్యూటర్ కోర్సులకు పోతున్నారు. ఎవరిని పలకరించినా జావా అనేవాళ్లు. నాకు లెక్కలు రావు. ఇంగ్లిషూ అంతంతే. నన్ను చూసి కంప్యూటరే భయపడిందని అందరికీ చెప్పేదాన్ని.

ఆ ఎండాకాలం ఏజెంటు మా గుమ్మం ముందు స్కూటరు ఆపాడు. నేను బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్ను కిందికీ పైకీ చూసి, “పిల్ల మంచి హైటున్నది. కాలేజీ సీన్లకు పనికొస్తది. యూనియన్ కార్డు చేయిస్తగని నీ ఎంబడి బస్సెక్కియ్యి” అన్నాడు. అమ్మ నవ్వుతూ తలూపింది. అతని మాట కాదనడం అప్పటికి మా ఇంట్లో లేదు. స్కూటరు మలుపు తిరిగాక లోపలికొచ్చి, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. ఆ తర్వాత, నర్సు కోర్సుకి అప్లికేషన్ పెట్టమంది.

ఎందుకని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పింది.

“గా తెల్ల డ్రెస్సుల ఉన్నంతసేపు నన్ను ఎవ్వడు ఏయ్ అనలే. లైట్లు మోసెటోళ్లు సుత సిస్టర్ అనే పిల్చిండ్రు. డ్రెస్సు ఇడిచినంక మల్ల ఏయ్.”

కాబట్టి నా ముందున్నవి రెండే. నర్సింగ్ కాలేజీలో సీటు, లేదంటే తెల్లవారుజామున ఐదింటికి వచ్చే జూనియర్ ఆర్టిస్టుల బస్సు. ఏజెంటుకి ఇంటర్వ్యూ అయ్యేదాకా ఏదో ఒకటి చెప్పి ఆపుతానంది అమ్మ. ఆ తర్వాత ఆపడం తన వల్ల కాదని కూడా చెప్పింది.

మా పక్క గదిలో సిస్టరాంటీ కిరాయికి ఉండేది. గోదావరి వైపు మనిషి, ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు ఆసుపత్రికి. అసలు నర్సంటే ఆవిడ. డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో బకెట్టు పెట్టుకుని, వేడినీళ్లలో ఉప్పేసి పాదాలు ముంచుకుని కూర్చునేది. అప్లికేషన్ తెచ్చిందీ, నింపిందీ ఆవిడే. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో ఆ బకెట్టు పక్కన కూర్చోబెట్టి చెప్పేది. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా, మలమూత్రాలు ఎత్తగలవా, రాత్రి డ్యూటీకి ఇంట్లో ఒప్పుకుంటారా. ఈ పనికి ఎందుకొస్తున్నావంటే మాత్రం నిజమే చెప్పమంది. ఉద్యోగం కావాలి, కష్టపడగలను. ఆ రెండు ముక్కలు చాలంది.

నాకు చాల్లేదు. పాత క్యాలెండర్ కాగితాల వెనక మూడు రకాల జవాబులు రాశాను. ఒకదాంట్లో వరదలో కొట్టుకొచ్చిన ముసలాయనకు నేను సపర్యలు చేస్తాను. మా గుట్ట దగ్గరికి వరద ఎలా వచ్చిందని సిస్టరాంటీ అడిగితే ఆ కాగితం చించేశాను.

సిస్టరాంటీ చెప్పే పాఠానికీ అమ్మ చెప్పే పాఠానికీ పొసిగేది కాదు. నర్సు నిటారుగా నడవాలని, చూపు ట్రే మీదే ఉండాలని, మంచం మీద ఉన్నవాళ్లని అస్సలు చూడకూడదని అమ్మ అనేది. సిస్టరాంటీ నవ్వి, తాను నిటారుగా నిలబడి ఎన్నేళ్లయిందో తనకే గుర్తు లేదనేది. నాడి చూడటం దగ్గర మాత్రం ఇద్దరికీ నిజంగానే వాదన అయింది. సిస్టరాంటీ నా చేయి తీసుకుని మూడు వేళ్లు ఆనించి చూపించింది.

“బొటనవేలు పెట్టకూడదమ్మా. దానికి దాని నాడి ఉంటుంది. అది పెట్టావనుకో, పేషెంటుది వదిలేసి నీది నువ్వు లెక్కపెట్టుకుంటావు” అంది.

అమ్మ ఒప్పుకోలేదు. మూడు వేళ్లు అడ్డం పెడితే పేషెంటు చేయి కెమెరాకు కనబడదట. బొటనవేలు పైకొచ్చేట్టు మణికట్టు పట్టుకోవాలి. గోడ గడియారం వంక చూడాలి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత ఆ చేతిని మెల్లగా పక్క మీద పెట్టి, తల కొంచెం వంచాలి. నిమిషమంతా లెక్కపెట్టాలి కదండీ అని సిస్టరాంటీ అంటే, “నిమిషం ఎవడు నిలవడనిస్తడమ్మా, కట్ అంటడు” అంది. సిస్టరాంటీ పగలబడి నవ్వింది. అమ్మా నవ్వింది కానీ, ఆ సాయంత్రం ఆవిడకు ఇవ్వాల్సిన కూర గిన్నె నా చేత పంపింది, తను వెళ్లలేదు.

రోజూ పొద్దున్నే, బస్సు వచ్చేలోపు, అమ్మ చేయి చాపేది. నేను ఆమె నాడి పట్టేదాన్ని. సిస్టరాంటీ పాఠం వినికిడి పాఠం. అమ్మది చేతి పాఠం. చేతికి ఏది అలవాటవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంటర్వ్యూ రోజు అమ్మ ఒక కాల్‌షీట్ వదులుకుంది. లేత గోధుమరంగు చీర, పౌడరు లేదు, గట్టిగా వేసిన ముడి. మర్యాదగల ఇంటి పేరంటాలికి ఇచ్చే కాస్ట్యూమ్ ఎలా ఉంటుందో అలా తయారైంది. నాకు కాస్ట్యూమర్ని బతిమాలి తెల్ల బూట్లు తెచ్చింది. ముందు దూది కుక్కితేగానీ నిలవలేదు. మెహదీపట్నంలో బస్సు మారి, నగరానికి అవతలి కొసన ఉన్న ఆ కాలేజీకి చేరేసరికి పది దాటింది. వరండాలో బల్ల మీద అమ్మ కూర్చుంది. నన్ను పిలిచారు.

లోపల ముగ్గురు. మధ్యలో ప్రిన్సిపల్ మేడం, పొట్టి మనిషి, తెల్లచీర, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. అటూ ఇటూ ఇద్దరు మగవాళ్లు. మార్కులు చూశారు. ఈ కోర్సు ఎందుకన్నారు. నేను రాసుకున్న వాటిలో మేలైనది ఎత్తుకున్నాను. మూడో వాక్యానికే మేడం ‘సరే’ అని కాగితం తిప్పేసింది. అంత శ్రద్ధగా కట్టిన కథని ఎవరూ తలెత్తకుండా దాటేయడం నాకు అప్పుడే తెలిసింది. ఇప్పటికీ చివుక్కుమంటుంది.

ఆవిడ బల్ల మీదుగా చేయి చాపి నాడి చూడమంది.

నేను బొటనవేలు పైకొచ్చేట్టు మణికట్టు పట్టుకున్నాను. గోడ వంక చూశాను. అక్కడ గడియారం లేదు, క్యాలెండర్ ఉంది. అయినా చూపు తిప్పలేదు. నాలుగు అంకెలు లెక్కపెట్టి, ఆవిడ చేతిని మెల్లగా బల్ల మీద ఆనించి, తల వంచాను.

కుడిపక్కాయన కిసుక్కున నవ్వాడు. మేడం తన చేతి వంక చూసుకుంది.

“నేనింకా బతికే ఉన్నానా అమ్మా?” అంది.

ఎడమపక్కాయన కూడా నవ్వాడు. నా చెవులు కాలాయి. ఇది నీకెవరు నేర్పారని మేడం అడిగింది. నేను, మా అమ్మ అన్నాను. ఆగలేకపోయాను, మా అమ్మ నర్సు అని కూడా అన్నాను. ఒక విధంగా అది అబద్ధం కాదు. అయితే ఏ ఆసుపత్రిలో అని అడుగుతారని నేను ఆలోచించలేదు. అడిగారు. నాకు తెలిసిన ఆసుపత్రులన్నీ ప్లైవుడ్‌తో కట్టినవే. ఏ పేరు చెప్పినా, ఆ కుడిపక్కాయన ఫోను తీసి కనుక్కుంటాడనిపించింది. తెల్లవారుజామున బస్సులో కిటికీ పక్కన కూర్చున్న నేను నాకే కనిపించాను.

“ఇప్పుడు లేదు మేడం. నా చిన్నప్పుడే పోయింది” అన్నాను.

కుడిపక్కాయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. మేడం కళ్లజోడు పెట్టుకుని మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు భయం వేయలేదు, సంతోషం కలిగింది. పొద్దుటి నుంచి ఎవరూ వినని నా కథ ఇప్పుడు ముగ్గురూ వింటున్నారు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. అవి ఎవరి కోసమో నాకే తెలియదు.

ఆవిడ, నీతో వచ్చినవాళ్లని పిలుద్దామంది. నేను నోరు తెరిచేలోపు అటెండరు తలుపు తీసి కేక వేశాడు. అమ్మ లోపలికి వచ్చింది. ఎప్పటిలాగే, ఎవరి ముఖమూ చూడకుండా, గోడ వారగా.

“కూర్చోండమ్మా. ఈ అమ్మాయి తల్లి నర్సంట కదా. చిన్నప్పుడే పోయిందని చెప్తోంది. మీరేమవుతారు?”

అమ్మ నా వంక చూసింది. ఈ చూపుని నేను చెప్పిన ప్రతిసారీ పొడిగించాను. ఒకసారి ఫ్యాను తిరగడం ఆగిపోయిందని కూడా చెప్పాను. అసలైతే, భుజం మీది సంచీ ఇటు నుంచి అటు మార్చుకున్నంత సేపు. అంతే. తర్వాత మేడం వైపు తిరిగింది.

“దాని పిన్నిని మేడం. మా అక్క పోయినప్పుడు గిది మూడేండ్ల పిల్ల. అప్పటిసంది నేనే సాదుకున్న” అంది. ఆగి, “మా అక్క మంచి నర్సు మేడం. ఇరవై ఏండ్లు చేసింది. ఎవ్వరితోని ఒక్క మాట మాట్లాడకపోయేది” అంది.

ఒకే టేకు. తడబాటు లేదు, కెమెరా వంక చూడటం లేదు.

అప్లికేషన్‌లో గార్డియన్ అన్నచోట అమ్మ పేరు రాసి ఉంది. ఏమవుతారన్న గడి సిస్టరాంటీ మరిచిపోయి ఖాళీగా వదిలేసింది. నా సర్టిఫికెట్లలో తండ్రి పేరే తప్ప తల్లి పేరు లేదు. క్లర్కు ఆ గడిలో ‘పిన్ని’ అని రాశాడు. అమ్మ దాని పక్కన సంతకం పెట్టింది.

బస్టాపులో నేను తిట్ల కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండేది. అమ్మ రోడ్డు వంక చూస్తూ, “మూడేండ్లు అన్న. యాది పెట్టుకో. రేపు నాలుగంటే దొరికిపోతవ్” అంది. ఆ రాత్రి అన్నం ఎప్పటిలాగే నా కంచంలోనే ముందు పెట్టింది.

సీటు వచ్చిందని కాగితం వచ్చింది. సిస్టరాంటీ ప్రార్థన చేసి, తన పాత గడియారం నా చేతికి కట్టింది. సెకన్ల ముల్లున్న గడియారం. ఏజెంటుకు అమ్మ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చింది.

మొదటి రోజు క్లాసులోకి అడుగుపెడితే వెనక బెంచీలన్నీ ఖాళీ. మిగతావాళ్లు ఇంకా చేరలేదేమో అనుకున్నాను. వారం గడిచినా అంతే. హాస్టల్ రసీదు కోసం వెళ్లినప్పుడు ఆ క్లర్కునే అడిగాను. ఆయన రసీదు రాస్తూనే చెప్పాడు.

“ఇంకెవరొస్తారమ్మా? అందరూ కంప్యూటర్లకే ఎగబడుతున్నారు. ఈ ఏడు సగం సీట్లు మిగిలిపోయాయి. వచ్చినవాళ్లకల్లా ఇచ్చేశాం. ఇంటర్వ్యూ అంటే, మనిషిని ఓసారి చూడాలి కదా, అందుకు.”

రసీదు చేతిలో పట్టుకుని వరండాలో నిలబడిపోయాను. బొటనవేలు పెట్టినా వచ్చే సీటు. మా అమ్మ సినిమాల్లో వేస్తుందని చెప్పినా వచ్చే సీటు. అసలు నోరు తెరవకపోయినా వచ్చే సీటు.

ఆ శనివారం ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. దువ్వెన పళ్లలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ వింది. మేడంకి నిజం చెప్పేస్తానన్నాను. ఏం చెప్తావంది. మొదట్లోనే అబద్ధం చెప్పానని చెప్తావా, తీసేస్తే ఏం చేస్తావంది. ఉండనీ, కూర్చున్న సీట్లో కూర్చోమంది.

తీసేసేవాళ్లు కాదు. అది నాకు అప్పుడే తెలుసు. సగం క్లాసు ఖాళీగా ఉంటే ఉన్నదాన్ని ఎవరు తీసేస్తారు? నేను చెప్పకపోవడానికి కారణం వేరు. మేడం నన్ను గదికి పిలిచి తన పాత అనాటమీ పుస్తకం ఇచ్చింది. మీ అమ్మ కూడా ఇదే చదివి ఉంటుందంది. ఎదురొస్తే నా భుజం తట్టేది. ఏ మేడమూ నన్ను అంతకుముందు అలా తట్టలేదు. ఆ చేయి పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. దానికి బదులు ఇచ్చిందేమిటో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

హాస్టల్‌కి ఆదివారాలు అమ్మ పిన్నిగా వచ్చేది. అమ్మాయిలందరూ పిన్నిగారూ అనేవాళ్లు. తను నా కోసం తెచ్చిన సకినాలు వాళ్లకే ముందు పంచేది, పిన్ని అలాగే చేస్తుంది అన్నట్టు. ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. పడింది నేనే. ఓ ఆదివారం ఫ్లాస్కు ఒలికి వేడి టీ నా కాలి మీద పడితే, అందరి ముందూ ‘అమ్మా’ అని అరిచాను. ఆమె ఎవరి అమ్మో వచ్చిందన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

కొన్ని నెలలకు దీపాల కార్యక్రమం వచ్చింది. మొదటి ఏడాది వాళ్లు తెల్ల యూనిఫాం వేసుకుని, దీపం పట్టుకుని, రోగుల సేవకు ప్రమాణం చేస్తారు. ఇంట్లోవాళ్లని పిలుస్తారు. హాల్లో లైట్లు తీసేశారు. నా వంతు వచ్చి నేను స్టేజీ ఎక్కితే, మేడం మైకు దగ్గర నన్ను ఆపింది. అలా చేస్తుందని నాకు ముందు చెప్పలేదు. ఈ అమ్మాయి తల్లి కూడా నర్సనీ, ఇరవై ఏళ్లు మౌనంగా సేవ చేసిందనీ, కూతురి చేతిలో దీపం చూడకుండానే వెళ్లిపోయిందనీ చెప్పింది. కళ్లజోడు తీసి అద్దాలు తుడుచుకుంది. ఆ తల్లి కోసం ఒకసారి చప్పట్లు కొట్టండంది.

హాలంతా కొట్టారు. దీపం వెలుతురు కళ్లలో పడుతున్నా, మూడో వరస చివరి కుర్చీ నాకు కనిపించింది. గోధుమరంగు చీర. అందరూ మొదలుపెట్టాక మొదలుపెట్టి, అందరూ ఆపాక ఆపింది. ముఖంలో ఏమీ లేదు. గుంపు సీన్లో ఎలా కొట్టాలో ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్లు ఎవరెవరి కోసమో కొట్టింది.

మర్నాడు సెలవు కాబట్టి ఇద్దరం కలిసే ఇంటికి బయల్దేరాం. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నా ఒళ్లో కాగితంలో చుట్టిన యూనిఫాం. ఏదైనా అనాలి. ఆ కాగితం అంచులు మడతపెడుతూ కూర్చున్నాను. మెహదీపట్నం దగ్గర పడుతుండగా ఆమే మాట్లాడింది.

“మంచిగ చెప్పింది మేడం, నా గురించి.”

నేను ఊఁ అన్నాను. ఇంకో స్టాపు దాటింది.

“జర గట్టిగ చెప్తే బాగుండు. ఎనక కూసున్నోళ్లకు ఇనపడలే.”